రాటకి కట్టిన బొంత

ఈమధ్య కుర్రపిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. "ఆంటీ, మేం కూడా ఒక ముసలి కుక్కని కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని చూస్తాం, ఏం చెయ్యాలో చెప్పండి" అంటారు. వాళ్ళని పంపేది మా డాక్టరమ్మ. నేను ఉద్యోగం వదిలినా ఆవిడ నన్ను వదల్లేదు. వచ్చినవాళ్ళకి నేను ముందు చెప్పేది ఒకటే, భయపడండి అని. "మాకు కుక్కలంటే భయం లేదు ఆంటీ" అని నవ్వుతారు. కుక్కని చూసి కాదు నాయనా, కుక్క కోసం భయపడమంటున్నాను.

నాకా భయం పుట్టుకతోనే వచ్చింది. పొయ్యి మీద పాలు పెడితే పొంగకముందే కంగారు పడే మనిషిని. అలాంటిదాన్ని పోయి పోయి కుక్కల ఆసుపత్రిలో చేరాను. కాంపౌండర్ని కాదు, నర్సుని కాదు. కుక్కని పట్టుకునేదాన్ని. డాక్టరమ్మ సూది వేస్తుంటే దాని తలని చంకలో ఇరికించుకుని, చెవిలో ఏదో ఒకటి గొణుగుతూ నిలబడాలి. నా గొణుగుడు తెలుగులో ఉండేది, ఛత్తీస్‌గఢీ ఇళ్ళ కుక్కలు కూడా బుద్ధిగా వినేవి. ఇది ఆసుపత్రిలో పని. అసలు పని ఇంట్లో ఉండేది.

మా భిలాయి స్టీల్ టౌన్‌లో ముసలి కుక్కలకి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ప్లాంటులో రిటైరైన మనిషి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. బీరువా, మంచాలు, కుంకుడు మొక్క కుండీతో సహా లారీ ఎక్కి విశాఖపట్నమో విజయనగరమో వెళ్ళిపోతాయి. కుక్క ఒక్కటి మిగులుతుంది. పైఅంతస్తు ఫ్లాటులో ముసలి కుక్క మెట్లెక్కలేదంటారు. అదీ నిజమే. గేటు బయట వదిలి వెనక్కి చూడకుండా పోయినవాళ్ళున్నారు, మా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. అలా వచ్చిన ముసలివి ఆసుపత్రి వెనక షెడ్డులో కుర్రకుక్కల అరుపుల మధ్య తిండి మానేసేవి. అందుకని ఎవరైనా తీసుకునేదాకా నేను ఇంటికి తెచ్చుకునేదాన్ని. డాక్టరమ్మ దాన్ని ఫోస్టరింగ్ అనేది. మా అత్తగారు సత్రం అనేవారు.

అప్పుడు మేం సెక్టర్ 2లో ఉండేవాళ్ళం. రెండు గదుల క్వార్టరు. ఆయన షిఫ్టు డ్యూటీ, ఇద్దరు ఆడపిల్లలు, అత్తగారు, ఎప్పుడూ ఎవరో ఒక చుట్టం. ఆ సందడిలో ఒక ముసలి కుక్క. "ఇది కొంపేటి, సత్రమేటి? కాలు ఎక్కడ పెట్టీది?" అని అత్తగారు పొద్దున లేవగానే మొదలెట్టేవారు. ఆవిడ అనడంలో తప్పు లేదు. ముసలి కుక్కలకి సరిగ్గా గుమ్మంలోనే నిద్ర పడుతుంది.

నేను చెప్పబోయేది చుక్కి సంగతి. మనుషుల పేర్లు రాయకూడదనుకున్నాను, కుక్కకి ఆ మొహమాటం లేదు. నల్లది, నుదుటి మీద తెల్ల మచ్చ. ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయనది. ఆయనది మా వైపు ఊరే కాబట్టి బాబాయి అని పిలిచేదాన్ని. భార్య పోయాక ఆయనకి చుక్కి, చుక్కికి ఆయన. దానికి వయసు మీద పడి చూపు పూర్తిగా పోయింది, గుండె నీరసించింది. విచిత్రం ఏమిటంటే ఆయనకీ గుండె జబ్బే. ఇద్దరూ పొద్దున, సాయంత్రం పక్కపక్కనే కూర్చుని మాత్రలు మింగేవారు. ఆయన నీళ్ళతో, అది అరటిపండుతో.

క్వార్టర్ ఖాళీ చేసే రోజున ఆయన దాన్ని చేతుల మీద ఎత్తుకుని ఆటోలో వచ్చారు. విశాఖపట్నంలో కూతురి దగ్గర ఉండి గుండె ఆపరేషన్ చేయించుకోవాలి.

"అమ్మీ, కోసి కుట్టీసినాక వొచ్చీసి, ఇక్కడే కింద వాటా ఇల్లు సూసుకుని తీసుకెల్లిపోతాను. నానొచ్చినదాకా ఇది ఉండాల. మాటియ్యి" అన్నారు.

"మాటేటి బాబాయి, దాని వయసు..."

"వయసు నాకూ ఉన్నాది గదా. నానేటి రాననుకుంటున్నానా? ఇయ్యి."

ఇచ్చాను. ఆటో మలుపు తిరగకముందే దాని ఊపిరి లెక్కపెట్టడం మొదలెట్టాను.

ఇల్లు మారిన గుడ్డి కుక్క గోడలకి గుద్దుకుంటుంది, మూల పట్టి కూర్చుంటుంది, కొన్నాళ్ళు తిండి ముట్టదు. మేం అన్నిటికీ సిద్ధమయ్యాం. చుక్కి ఏమో వరండా మెట్టు ఎక్కి, ముందు గది దాటి, కుడికి తిరిగి, సరాసరి వంటింటి గుమ్మంలో పడుకుంది. పొద్దున లేచి ముందు వాకిట్లోకి వెళ్ళి, గేటు దాకా నడిచి, వెనక్కి వచ్చింది. ఎక్కడా దేనికీ తగల్లేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మా ఆయన నవ్వారు.

"ఆయనదీ ఇదే టైపు క్వార్టర్ గదే. దానికి కొత్తేటుంది?"

నిజమే. మా ఊళ్ళో ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా బాత్‌రూమ్ ఎటని అడగక్కర్లేదు. ఒకే అచ్చులో పోసిన ఇళ్ళు. దాని అదృష్టం అనుకున్నాం. నేను ఆసుపత్రికి వెళ్ళి "మేడమ్, కుదురుకుంది" అని గర్వంగా చెప్పాను. తర్వాత తెలిసింది, అది కుదురుకోలేదు. తన ఇల్లే అనుకుంటోంది. సామాను వాసన తేడాగా ఉన్నా, మనుషులు వేరేగా మాట్లాడుతున్నా, కాళ్ళకి తెలిసిన ఇల్లు కాబట్టి ఓపిక పట్టి, బాబాయి డ్యూటీ నుంచి వస్తాడని చూస్తోంది. సాయంత్రం ఆయన వీడియో కాల్ చేస్తే గొంతు విని చెవులు నిక్కబొడిచి గేటు దగ్గరికి పోయేది. ఎంత సంతోషమో అని మురిసిపోయేవాళ్ళం.

మా పెద్దమ్మాయికి పెళ్ళి కుదిరింది, మే నెలలో ముహూర్తం. కుక్క ఉన్న ఇంట్లో పెళ్ళంటే నాకు ముందు కనబడింది పెళ్ళికొడుకు కాదు, తెరిచి ఉన్న గేటు. గేటుకి తాడు కట్టాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను, చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాను. నందిని గనుల కాలనీ నుంచి మా పెద్దాడపడుచు ముందుగానే దిగింది. ఆవిడ ఉంటే పది మంది పని అవుతుంది, ఇరవై మంది మాటలు వినబడతాయి. "వదినా, పెళ్ళికూతురు తప్పిపోయినా పరవానేదు గాని నీ కుక్క తప్పిపోకూడదేటి?" అని ఎగతాళి చేసింది. ఇంటికి సున్నం వేయించాం. మంచాలు జరిపాం. ముందు గదిలో బియ్యం బస్తాలు, గిన్నెలు. చుక్కి రోజూ కొంచెం నెమ్మదిగా నడవడం చూశాను గానీ, పెళ్ళి పనుల్లో ఆ చూసినదాన్ని మనసు దాకా రానివ్వలేదు.

పెళ్ళి పందిరి రాట ముహూర్తం పొద్దున్నే. ముందు వాకిట్లో గునపంతో గొయ్యి తవ్వి, పసుపు రాసి మామిడాకులు కట్టిన రాటని నలుగురు పట్టి నిలబెట్టారు. నవధాన్యాలు పోసి, మట్టి తొక్కి, కొబ్బరికాయ కొట్టారు. ఒకసారి పాతిన రాటని పెళ్ళి తంతు పూర్తయ్యేదాకా కదపకూడదు. అందరం లోపలికి వెళ్ళి ఉప్మా తింటున్నాం. నేను మాత్ర పెట్టిన అరటిపండు తీసుకుని బయటికి వచ్చేసరికి చుక్కి తన మామూలు నడక నడుస్తోంది. వరండా మెట్టు దిగింది. గేటు వైపు తిన్నగా నడిచింది. రాట సరిగ్గా ఆ దారిలోనే ఉంది. నేను నోరు విప్పేలోపల నుదురు టప్పుమని తగిలింది.

అరవలేదు. అక్కడే నిలబడింది. రాట మొదలు వాసన చూసింది, చుట్టూ తిరిగి ఇంకోసారి చూసింది. వెనక్కి తిరిగి లోపలికి వచ్చి ముందు గదిలో జరిపిన మంచానికి తగిలింది. నేను దగ్గర కూర్చుని నుదురు నిమిరాను. అరటిపండు ముట్టలేదు. అంతలో లోపల్నుంచి "వదినా, కుంకం బరిణె ఎక్కడెట్టినావు?" అని పిలుపు. వెళ్ళాను. బరిణె దొరికింది. తిరిగి వచ్చేసరికి షామియానావాళ్ళు గేటు బార్లా తెరిచి వెదుళ్ళు దింపుతున్నారు. చుక్కి లేదు.

ఆ అరటిపండు పట్టుకునే ఇల్లంతా తిరిగాను. మంచాల కింద, బస్తాల వెనక, పెరట్లో. మా ఆయన స్కూటర్ వేసుకుని మెయిన్ రోడ్డు వైపు వెళ్ళారు. నేను చెప్పులేసుకుంటుంటే ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"రాట పడ్డాక ఇంటి ఇల్లాలు ఊరు మీద పడి తిరుగుతాదేటి? జనం ఏటనుకుంటారు?"

"నేను మాటిచ్చాను వదినా."

"కుక్కకా?"

"బాబాయికి" అని దాటుకుని వెళ్ళాను. పెళ్ళికూతురు వెనకాలే వచ్చింది. "మమ్మీ, మై భీ చలూఁ క్యా? నేనూ వస్తా, నా మాట వింటుంది అది." అత్తగారు పిల్ల చెయ్యి పట్టి లోపలికి లాగేశారు. పాపం, అది కిటికీ దగ్గర నిలబడి ఏడవడం వీధిలోంచి కనబడింది.

భిలాయిలో మే ఎండ సంగతి మీకు తెలుసు. గుడ్డిది, గుండె జబ్బుది, నీళ్ళు లేవు, పొద్దుటి మాత్ర పడలేదు. డాక్టరమ్మ ఆసుపత్రి మూసి కారు తీసుకుని వచ్చింది. ఇద్దరం సందు సందూ వెతికాం. పాలబూత్ దగ్గర అడిగాం, మార్కెట్లో అడిగాం. "కాలీ, బూఢీ, మాథే పే సఫేద్ దాగ్" అని, నల్లది, ముసలిది, నుదుట తెల్ల మచ్చ అని చెప్పి చెప్పి నా నాలుక ఎండిపోయింది. షిఫ్టు బస్సులు వెళ్ళిన ప్రతిసారీ రోడ్డు వంక చూడడానికి భయం వేసేది, చూడకుండా ఉండడానికీ భయం వేసేది. ఊరికి ఆ చివరి సెక్టర్లో ఉన్న బాబాయి పాత క్వార్టర్‌కి కూడా వెళ్ళాం. కొత్తగా దిగినవాళ్ళు కర్టెన్లు కట్టుకుంటున్నారు. రాలేదన్నారు. గుడ్డి కుక్క అంత దూరం ఎలా వస్తుందని డాక్టరమ్మ అంది. నాకూ తెలుసు. తెలిసినా వెళ్తాం.

పొద్దు వాలింది. బాబాయి ఫోన్ చేసే వేళ దగ్గర పడింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్.

ఇంట్లో అందరూ నా చుట్టూ చేరారు. "పడుకున్నాదని సెప్పీ" అంది ఆడపడుచు. ఈసారి ఎగతాళి లేదు, నిజంగా నా మంచికే చెబుతోంది. "గుండె కోయించుకోబోయీ మనిషికి ఎవులన్నా ఇలాటిది సెప్తారేటి? ఏటన్నా అయితే ఆ పాపం నీకు." మా ఆయన తల వంచుకుని స్కూటర్ తాళం తిప్పుతున్నారు. డాక్టరమ్మ కూడా "దీదీ, ఆలోచించుకో" అంది. నేనూ అబద్ధమే చెబుదామనుకున్నాను. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను, ఎండ కదా బాబాయి, తిని పడుకుంది అని.

ఫోన్ మోగింది. ఆస్పత్రి మంచం మీద బాబాయి ముఖం, పక్కన కూతురు చెయ్యి.

"ఏటమ్మీ, తిన్నాదా? మాత్ర ఏసినావా?"

అరటిపండు ఇంకా నా చేతిలోనే ఉంది. నల్లబడి మెత్తగా అయిపోయింది. దాన్ని పట్టుకుని మాత్ర వేశానని చెప్పడం నా వల్ల కాలేదు.

"బాబాయి, చుక్కి పొద్దున్నుంచి కనబడ్డం లేదు" అన్నాను.

కూతురు "ఏంటండీ ఇప్పుడు ఈ..." అని ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. ఆయన ముఖం నెమ్మదిగానే ఉంది. అన్నేళ్ళు ప్లాంటులో తలల మీంచి బరువులు దింపిన మనిషి. గొలుసుకి బరువు ఊగుతున్నప్పుడు కంగారు పడకూడదని ఎప్పుడూ చెప్పేవారు.

"ఏడవకు. ఏటి జరిగిందో మొదట్నుంచి సెప్పు."

చెప్పాను. సున్నం, మంచాలు, రాట, నుదురు తగలడం, గేటు. రాట సంగతి దగ్గర ఆయన ఆపారు.

"రాటకి గుద్దుకున్నాదా? అయితే దానికి తెలిసిపోనాది, అది మన ఇల్లు కాదని. మన వాకిట్లో రాట నేదు గదా." కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. "అమ్మీ, ఇను. నాను ఖాళీ సేసిన రోజు లారీ ఎల్లిపోయినాక, ఉత్త ఇంట్లో వంటింటి గుమ్మం కాడ కూకున్నాది. పిలిస్తే రానేదు. ఆకరికి ఎత్తుకొచ్చీసినాను. దానికి తెలిసిన మన ఇల్లు అదే, ఖాళీ ఇల్లు. మీ పక్కల ఖాళీ క్వార్టర్లున్నాయేటి?"

ఉన్నాయి. మా వెనక సందుల్లో రిటైరైనవాళ్ళు వదిలిన క్వార్టర్లు తాళాలేసి ఉన్నాయి. పొద్దున్నుంచి మనుషులున్న చోటల్లా వెతికాం, మనుషులు లేని చోటు ఎవరికీ తోచలేదు.

"కనబడితే పిలవకు. పక్కన కూకో. అది నీ మీద వాలితే అప్పుడెత్తు" అన్నారు బాబాయి.

నీళ్ళు పట్టుకుని మా ఆయనా, నేనూ, డాక్టరమ్మా బయల్దేరాం. మొదటి ఇంట్లో లేదు. రెండో ఇంటికి పెరటి గోడ నిండుగా ఉంది, కుక్క దూరే సందు లేదు. ఆ వెనక సందులో ఒక క్వార్టర్‌కి పెరటి తలుపు విరిగి వేలాడుతోంది. లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది. గడ్డిలో సన్నగా దారి పడింది. వెలుతురు ఇంకా కాస్త ఉంది. పెరటి వైపు వంటింటి గుమ్మం ముందు నల్లగా, కదలకుండా ఉన్నది చుక్కియే.

"మీరు వెళ్ళి చూడండి" అన్నాను మా ఆయనతో.

"నువ్వే సూడు. ఇది నీ ఉద్యోగం" అన్నారాయన.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. పిలవలేదు. ఎన్ని కుక్కల పక్కటెముకల మీద ఈ చెయ్యి వేసి ఉంటానో. ఆ రోజు వెయ్యడానికి మాత్రం ధైర్యం రావడానికి చాలా సేపు పట్టింది. వేశాను. ఏమీ తెలియలేదు. నా చెయ్యే వణుకుతోంది మరి. ఇంకో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది. సన్నగా, ఆగి ఆగి, ఊపిరి. తాళం వేసిన తలుపు వైపు ముఖం పెట్టి, లోపల్నుంచి బాబాయి తలుపు తీస్తాడని పడుకుంది.

కాసేపటికి తల ఎత్తి నా మోకాలి మీద పెట్టింది. నీళ్ళు తాగింది. ఆ నల్లబడిన అరటిపండు మాత్రతో సహా తింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. డాక్టరమ్మ అక్కడికక్కడే సూది వేసింది. తలని చంకలో పెట్టుకున్నాను గానీ చెవిలో గొణగడానికి మాటలు రాలేదు.

ఫోన్ చేసి దాని మూతి దగ్గర పెట్టాం. అటు నుంచి బాబాయి దాని ఊపిరి వింటున్నారు. చాలాసేపయ్యాక అన్నారు. "సరే అమ్మీ. రేపు కోయించుకుంటాను."

దాన్ని ఎత్తుకుని ఇంటికి వచ్చేసరికి వాకిట్లో అత్తగారు గొంతుక్కూర్చుని ఉన్నారు. తను కప్పుకునే బొంతని, పాత చీరలతో స్వయంగా కుట్టుకున్నదాన్ని, రాట మొదట్లో చుట్టి తాడుతో కడుతున్నారు. రాటని కదపకూడదు, కుక్క దారి మారదు. ఇద్దరికీ మధ్యన బొంత. ఆడపడుచు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"అమ్మా, రాటకి బొంతేటే? ఎక్కడన్నా ఉన్నాదేటి?"

"మన వైపు ఆచారం. నీకు తెలీదేటి?" అన్నారు అత్తగారు, ముడి బిగిస్తూ.

కన్నతల్లి అలా అన్నాక ఆవిడేం మాట్లాడుతుంది? పెళ్ళివారు అడిగినప్పుడు తనే "మా వైపు ఆచారం" అని చెప్పింది. మంచాలు వెనక్కి జరిపాం. పెళ్ళి జరిగినన్నాళ్ళూ చుక్కి పొద్దున్నే నడిచి వచ్చి, మెత్తగా తగిలి, పక్కకి తిరిగి, గేటు దాకా వెళ్ళి వచ్చేది.

బాబాయి వానలు తగ్గాక వచ్చారు. భిలాయిలోనే, స్మృతి నగర్‌లో కింద వాటా అద్దెకు తీసుకున్నారు. కొత్త ఇంట్లో చుక్కి ప్రతి గోడకీ తగిలింది, ఒక్కనాడూ బయటికి పోలేదు. ఏడాది పైగా ఉండి, ఒక పొద్దున ఆయన పక్కనే పోయింది. ఆయన మాట నిలబెట్టుకున్నారు, నా మాటని చుక్కి నిలబెట్టింది. అందుకే పిల్లలూ, తెచ్చుకున్న ముసలి కుక్క బుద్ధిగా ఉంటే కుదురుకుందని సంబరపడకండి. అది ఎవరి కోసం చూస్తోందో కనుక్కోండి. ఇంట్లో మంచం జరిపేముందు దాన్ని కూడా ఒక మాట అడగండి.

తర్వాత మేమూ రిటైరై స్మృతి నగర్‌కే వచ్చేశాం. ఆమధ్య మా ఆడపడుచు కొడుకు పెళ్ళికి బాబాయిని వెంటబెట్టుకుని నందిని వెళ్ళాం. వాకిట్లో పసుపు రాసిన రాట. దాని మొదట్లో శుభ్రంగా ఉతికిన బొంత, ఎర్రతాడుతో కట్టి ఉంది. ఆ ఇంట్లో కుక్క లేదు, ఎప్పుడూ లేదు.

బాబాయి ఆగిపోయారు. పళ్ళేలు మోస్తున్న ఒక ఆడపిల్లని అడిగారు. "ఏటే గుంటా, ఇదేటి?"

"ఆచారం తాతా. రాటకి కట్టాలి" అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఆయన నా వంక చూశారు. చుక్కి కోసం మా అత్తగారు కట్టిన బొంత సంగతి ఆయనకి అప్పట్లోనే ఫోన్లో చెప్పాను. కుర్చీ తెచ్చి వేస్తానంటే వద్దన్నారు. చొక్కా మడత నలగకుండా చూసుకుంటూ రాట పక్కన నేల మీద కూర్చుని, బొంత మీద చెయ్యి వేసి, భోజనాలకి పిలిచేదాకా అక్కడే ఉన్నారు.